నడివయసులో పాత లేజర్ పడవ కొని రేసుకు దిగడం ఎలా?

ఒక్కరే నడుపుకునే తెరచాప పడవ కొనాలంటే చాలామంది చివరికి లేజర్ దగ్గరే ఆగుతారు. బ్రూస్ కిర్బీ గీసిన ఈ పడవ 1971లో మార్కెట్లోకి వచ్చింది, ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2019 నుంచి రేసుల్లో దీన్ని ఐఎల్‌సీఏ (ఇంటర్నేషనల్ లేజర్ క్లాస్ అసోసియేషన్‌కు పొట్టి పేరు) అంటున్నారు, రేవు దగ్గర మాత్రం ఇంకా లేజరే. పొడవు 4.2 మీటర్లు, ఖాళీ హల్ (తెరచాప, తాళ్లు లేని పడవ ఒళ్లు) 59 కిలోలు. కొలతలన్నీ ఒకటే కాబట్టి ఇరవై ఏళ్ల పడవ కూడా కొత్తదాంతో సమానంగా పరుగెత్తగలదు. షరతు ఒక్కటే: హల్ పొడిగా, గట్టిగా ఉండాలి. తయారైన సంవత్సరం కంటే ఈ రెండే ముఖ్యం.

ముందు తెరచాప సైజు తేల్చుకోండి

ఒకే హల్ మీద మూడు సైజులు ఎక్కుతాయి: ఐఎల్‌సీఏ 7కి 7.06 చదరపు మీటర్లు, 6కి 5.76, 4కి 4.7. మాస్ట్ అంటే తెరచాపను నిలబెట్టే స్తంభం, పైదీ కిందదీ రెండు ముక్కలు. హల్, చుక్కాని, బూమ్ (తెరచాప కింది అంచున ఉండే అడ్డ గొట్టం), పై మాస్ట్ మూడింటికీ ఒకటే. మారేవి కింది మాస్ట్, తెరచాప. పెద్ద తెరచాపకు 80 కిలోలు దాటిన మనిషి కావాలి, నడిమి దానికి 60 నుంచి 75 కిలోలు సరిపోతాయి. డెబ్బై ఎనిమిది కిలోలున్న యాభై ఏళ్ల మనిషి మొహమాటానికి 7 ఎంచుకుంటే 12 నాట్ల (గంటకు సుమారు 22 కిలోమీటర్ల) గాలి దాటగానే రెండో రేసుకు తొడలు సహకరించవు. 6తో మొదలుపెట్టండి. మాస్టర్స్ పోటీల్లో, అంటే వయసు మళ్లినవాళ్ల రేసుల్లో, మగవాళ్లు కూడా ఎందరో దీంతోనే ఆడతారు. బలం పెరిగితే తర్వాత కింది మాస్ట్, తెరచాప మాత్రం కొనుక్కోవచ్చు.

హల్‌ను పరీక్షించడం

చూడటానికి వెళ్లేటప్పుడు బాత్రూమ్ తూకం మిషన్లు రెండు, టార్చ్, రెండు లీటర్ల నీళ్లు, సబ్బు నీళ్ల స్ప్రే, మార్కర్ పెన్ను తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు తొందరపెడితే మరో రోజు రండి.

1. తాళ్లు, బోర్డులు అన్నీ తీసేసి, ముక్కు కింద ఒక తూకం, వెనక ఒకటి పెట్టి బరువు కూడండి. 61, 62 దాకా ఫరవాలేదు. 65 దాటితే లోపలి ఫోమ్ నీళ్లు తాగిందని అర్థం. వారాల తరబడి ఫ్యాన్ పెట్టి ఆరబెట్టినా పాత బరువుకు రావడం అరుదు.

2. మాస్ట్ నిలబడే గొట్టంలో అంచుదాకా నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత పెట్టి అరగంట ఆగండి. నీళ్లు తగ్గితే అడుగున పగులు ఉంది. ప్రతి మలుపులోనూ మాస్ట్ ఆ గొట్టంలో తిరుగుతుంది. లోపల ఇసుక ఉంటే గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఈ పగులును పట్టించుకోకపోతే గట్టి గాలి రోజున మాస్ట్ డెక్‌ను (పడవ పై పలకను) చీల్చుకుని పడిపోతుంది. కింది మాస్ట్ పెట్టి ముందుకూ వెనక్కూ ఊపి కూడా చూడండి. డెక్ కదిలినా, కిర్రుమన్నా ఆ పడవ వదిలేయడమే మేలు. ఫైబర్‌గ్లాస్ పని బాగా తెలిసినవాళ్లు అందుబాటులో ఉంటే డెక్‌కు గుండ్రటి మూత బిగించి, గొట్టం అడుగు చుట్టూ గ్లాస్ మ్యాట్, ఎపాక్సీ వేయించవచ్చు. మూత రంధ్రం వ్యాసం 15 సెంటీమీటర్లు మించకూడదు, క్లాస్ (లేజర్ పడవల సంఘం) నిబంధన అది.

3. కూర్చునే పక్క డెక్‌నూ, కాళ్లు పెట్టే గుంత అడుగునూ వేళ్ల కణుపులతో తట్టుతూ పోండి. టకటకమనే చోటు బాగుంది. మెత్తగా మొద్దుగా వినిపిస్తే పొరలు విడిపోయాయి. సాలెగూడులా ఉన్న సన్నని పగుళ్లు పైపూతవి, వాటికి భయపడక్కర్లేదు. పగులులో తెల్లటి నార కనబడితే భయపడాలి.

4. గుంత ముందు గోడకు పైన చిన్న గాలి రంధ్రం ఉంటుంది. దానికి టేపు అంటించి, వెనక బిరడా రంధ్రంలోంచి నోటితో మెల్లగా ఊదుతూ అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లించండి. బుడగలు వచ్చిన చోట కారుతోంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ ఎప్పుడూ వాడొద్దు, అతుకు విడిపోతుంది. పని అయ్యాక టేపు తీయడం మరచిపోవద్దు. ఎండలో లోపలి గాలి వ్యాకోచిస్తే బయటికి పోయే దారి అదే.

5. చుక్కాని తగిలించే రెండు బిగింపులను చేత్తో ఊపండి. డాగర్‌బోర్డ్ (పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలక) దూరే కంత వెనక మూలల్లో, పైనా కిందా, టార్చ్ వేసి పగుళ్లు వెతకండి.

మాస్ట్, బూమ్

కింది మాస్ట్‌ను చదునైన నేల మీద దొర్లిస్తే వంపు ఉన్నది ఎగిరెగిరి దొర్లుతుంది. అల్యూమినియం పై మాస్ట్ ఎక్కువగా విరిగేది ప్లాస్టిక్ కాలర్‌ను పట్టుకున్న రివెట్ దగ్గర, అక్కడ తెల్లటి పొడి గానీ వెంట్రుకవాసి పగులు గానీ ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేసి బేరమాడండి. సముద్రంలో తిరిగిన పడవల్లో స్టీలు రివెట్, అల్యూమినియం కలిసిన ప్రతిచోటా తుప్పు ఎక్కువ. చెన్నై, ముంబై నుంచి వచ్చిన పడవైతే రివెట్లన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. హుస్సేన్ సాగర్‌లో పెరిగిన పడవకు ఈ బాధ తక్కువ.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

మొట్టమొదట మాస్ట్ ఊడిపోకుండా డెక్‌కు కట్టే తాడు. ఇది నిబంధన కూడా. పడవ తలకిందులైనప్పుడు ఈ తాడు లేకపోతే మాస్ట్ జారి, పోతూపోతూ గొట్టాన్ని పగలగొడుతుంది.

తర్వాత వ్యాంగ్, అంటే బూమ్‌ను కిందికి లాగే తాళ్ల కట్ట. పాత పడవల మీద దీన్ని లాగడం నడుము విరిగే పని. కొత్త రకం కప్పీల కిట్‌తో అదే బలం రెండు వేళ్లతో వస్తుంది. నడివయసు శరీరానికి ఇంతకంటే మంచి ఖర్చు లేదు. ఆ తర్వాత 6 లేదా 7 మిల్లీమీటర్ల మెయిన్‌షీట్ (తెరచాపను లాగి వదిలే తాడు) 13 మీటర్లు, సాగని ట్రావెలర్ తాడు (పడవ వెనక అడ్డంగా ఉండేది, మెయిన్‌షీట్ కప్పీ దీని మీదే అటూ ఇటూ జరుగుతుంది), కాళ్లు ఇరికించే పట్టీకి కొత్త కుట్లు. ఈ పట్టీ తెగితే వెనక్కి నీళ్లలో పడతారు, పడవ ముందుకు పోతుంది.

కొత్త తెరచాప అన్నిటికంటే ఆఖరున. మొదటి సీజన్ అంతా పాతదాన్ని చింపుకోవడానికే సరిపోతుంది. చవకగా దొరికే నకలు తెరచాప అభ్యాసానికి బాగానే పనికొస్తుంది, క్లాస్ రేసుల్లో మాత్రం ఒప్పుకోరు.

ఒంటి సంగతి

బయటికి వాలి కూర్చోవడంలో భారం తొడల మీద, మోకాళ్ల మీద పడుతుంది. గోడకు ఆనుకుని కుర్చీ భంగిమలో 30 సెకన్లతో మొదలుపెట్టి ఆరు వారాల్లో రెండు నిమిషాలకు పెంచండి. పట్టీ మరీ వదులుగా ఉంటే నడుము వంగి నొప్పి పుడుతుంది, కాబట్టి తొడ మధ్య భాగం పడవ అంచు మీద ఆనేలా బిగించండి. తొడల కింద అట్టలున్న హైకింగ్ ప్యాంట్ తప్పనిసరి అనుకోండి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కొద్దు.

రేసుకు ముందు బోల్తా పడటం నేర్చుకోండి

8 నాట్ల గాలిలో, సేఫ్టీ బోటు దగ్గర ఉండగా, కావాలని పదిసార్లు బోల్తా కొట్టించండి. మెయిన్‌షీట్, వ్యాంగ్ వదిలేసి, డాగర్‌బోర్డ్ మీద హల్‌కు దగ్గరగా నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే పడవ లేస్తుంది. బోర్డ్ కొస మీద నిలబడితే అది విరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా పడేది రెండు సందర్భాల్లో. గాలివాటున పోతున్నప్పుడు వ్యాంగ్ మరీ వదిలేస్తే తెరచాప పైభాగం మాస్ట్ కంటే ముందుకు తిరిగి, పడవ గాలి వైపే దొర్లి పడుతుంది. రెండోది జైబ్, అంటే గాలి వెనక ఉండగా తెరచాపను ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చే మలుపు. బూమ్ దాటే క్షణంలో మెయిన్‌షీట్ జారి పడవ వెనక మూలకు చిక్కుకుంటుంది. బూమ్ కదలగానే తాడును ఒక్కసారి గట్టిగా గుంజితే ఆ వదులు పోతుంది.

ఎదురుగాలికి పోవడానికి మెయిన్‌షీట్‌ను కప్పీలు రెండూ తాకేదాకా లాగి, వ్యాంగ్‌లో ఉన్న వదులు మాత్రం తీయండి. బూమ్ మధ్యలో తెరచాపకు, బూమ్‌కు ఎడం ఒక జానెడు ఉంచండి. గాలి పెరిగి పడవ ఒరిగిపోతుంటే కనింగ్‌హామ్ (తెరచాప ముందు అంచును కిందికి లాగే తాడు) లాగాలి, తర్వాత వ్యాంగ్ ఇంకా బిగించాలి.

స్టార్ట్ లైన్ దగ్గర

ఐదు నిమిషాలకు క్లాస్ జెండా, నాలుగుకు రెండో జెండా లేస్తాయి. ఒక నిమిషానికి రెండోది దిగుతుంది, అప్పుడు పొడుగాటి మోత. సున్నాకు పరుగు. అంతకు ముందే లైన్ మధ్యలోకి వెళ్లి పడవను సూటిగా గాలికి ఎదురుగా తిప్పి ఆపండి. ముక్కు ఏ కొస వైపు మొగ్గితే అది గాలికి దగ్గర. అందరూ అక్కడే గుమిగూడతారు. కొత్తవాళ్లు ఆ కొస నుంచి లైన్‌లో మూడో వంతు దూరంలో, గాలి దిగువన పడవన్నర ఖాళీ ఉంచుకుని నిలబడితే సున్నాకు ముందే వేగం అందుకునే చోటు ఉంటుంది.

నియమాల్లో మొదటివి మూడు చాలు. గాలి ఎడమ నుంచి వచ్చే పడవ, గాలి కుడి నుంచి వచ్చేదానికి దారి ఇవ్వాలి. ఒకే వైపు గాలి ఉంటే గాలి వచ్చే వైపున ఉన్నది రెండోదానికి దారి ఇవ్వాలి. మార్క్ (చుట్టి తిరగాల్సిన తేలే గుర్తు) దగ్గర మూడు పడవల పొడవు లోపలికి వచ్చేసరికి లోపలి పడవకు చోటివ్వాలి. తప్పు చేస్తే వెంటనే పక్కకు తప్పుకుని రెండు చుట్లు తిరగండి. మార్క్‌ను తాకితే ఒక్కటి చాలు.

సికింద్రాబాద్ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉన్న హుస్సేన్ సాగర్‌లో వానాకాలపు పడమటి గాలి భవనాల మధ్య నుంచి విసురు విసురుగా వచ్చి దిశ మారుతూ ఉంటుంది. ఇక్కడ బలం కంటే కళ్లు ఎక్కువ పనిచేయాలి: నీటి మీద నల్లబడిన మచ్చ ఎటు కదులుతుందో చూసి టాక్ (ముక్కును గాలి గుండా తిప్పే మలుపు) తిప్పేవాళ్లే ముందుంటారు. నీరు శుభ్రమైంది కాదు కనుక గాయాలకు ప్లాస్టర్ వేసుకుని దిగండి, రాగానే మంచినీళ్లతో ఒళ్లు కడుక్కోండి. మాస్టర్స్ తరగతుల్లో 45 నుంచి 54 మాస్టర్, 55 నుంచి 64 గ్రాండ్ మాస్టర్, 65 నుంచి 74 గ్రేట్ గ్రాండ్ మాస్టర్, ఆపైన లెజెండ్.

ఒడ్డుకు వచ్చాక బిరడా తీసి ముక్కు పైకెత్తండి, కారిన నీళ్లను మగ్గులో పట్టి కొలవండి. మగ్గుకు తక్కువైతే మామూలే. వారం వారం పెరుగుతుంటే సబ్బు నీళ్ల పరీక్ష మళ్లీ చేయాలి. మాస్ట్ గొట్టంలో ఇసుక లేకుండా కడిగి, తెరచాపను మడవకుండా చుట్టి, బిరడా తీసే ఉంచి, పడవకు కవరు కప్పండి.