దుబాయ్‌లో ఫ్రీలాన్స్ పర్మిట్: బయల్దేరే ముందు జాగ్రత్తలు

- పర్మిట్ (ఏ కంపెనీలోనూ ఉద్యోగిగా చేరకుండా సొంతంగా పని చేసుకునే అనుమతి) వేరు, నివాస వీసా వేరు. రెండింటికీ విడివిడిగా డబ్బు సిద్ధం చేసుకోండి.

- డిగ్రీ పట్టా అడిగే వృత్తి అయితే అటెస్టేషన్ (పట్టా అసలైనదేనని అధికారిక ధ్రువీకరణ) ఇక్కడే పూర్తి చేయించండి: ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆపై యూఏఈ రాయబార కార్యాలయం. పట్టాలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం మనవాళ్లకు మామూలే. రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఈ ఒక్క పనికి ఒక పూట కేటాయించినా తప్పులేదు.

- విజిట్ వీసా మీద పని మొదలుపెట్టవద్దు, ఎంత చిన్నదైనా.

- నివాస వీసా కోసం చేసే వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. గతంలో క్షయ వచ్చి తగ్గినవారు ముందే డాక్టరును కలవండి.

- ఆరు నెలలకు మించి ఆ దేశం బయట ఉంటే మామూలు నివాస వీసా చెల్లకుండా పోతుంది.