సోలోకి ఒక్క తొక్కుడు చాలు
గిటార్ సోలో రాగానే బూస్ట్‌కి (సౌండ్ పెంచేది) ఒక బటన్, డిలేకి (నోటును ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించేది) ఇంకో బటన్ తొక్కేలోపు మొదటి నోటు పోతుంది. మీ ఫుట్ కంట్రోలర్‌లో (కాలితో ఎఫెక్టులు మార్చే పరికరంలో) ఒకే బటన్‌కి రెండు ఎఫెక్టులు కేటాయించే వీలుంటే, రెండూ దానికే ఇచ్చేయండి. బూస్ట్ 3 నుంచి 5 డెసిబెల్స్, డిలే 400 మిల్లీసెకన్లు, డిలే మిక్స్ (అసలు సౌండ్‌లో డిలే ఎంత కలవాలో) 20 శాతం దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చేలా మార్చుకోండి. బటన్ లాచ్ మోడ్‌లో ఉండాలి, అంటే ఒకసారి తొక్కితే ఆన్, మళ్లీ తొక్కితే ఆఫ్. మొమెంటరీలో ఉంటే కాలు తీయగానే ఆగిపోతుంది. చివరి బటన్‌కే ఇస్తే ఇంకా మంచిది, చీకటి స్టేజీ మీద పక్కది తొక్కుతామనే టెన్షన్ తగ్గుతుంది. అయ్యాక ప్యాచ్ (ఈ సెట్టింగులన్నీ కలిపి) సేవ్ చేయండి.

ఒక్క జాగ్రత్త: బాగా డిస్టార్షన్ ఉన్న టోన్‌లో బూస్ట్ దానికి ముందు ఉంటే సౌండ్ పెద్దగా పెరగదు, గరుకుదనమే పెరుగుతుంది. అప్పుడు బూస్ట్‌ని డిస్టార్షన్ తర్వాతకి జరపాలి.