ముందు కోరలు గీయకండి: పిల్లల చేత మంచి రాక్షసుణ్ణి గీయించడం ఎలా

ఆదివారం పొద్దున పదింటికి మా మేడ మీది గదిలో పదకొండు మంది పిల్లలు చాపలు పరుచుకుని కూర్చుంటారు. గుంటూరు బ్రాడీపేటలో నేను డ్రాయింగ్ నేర్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఏ బ్యాచ్‌కైనా సరే, "ఇవాళ రాక్షసుణ్ణి గీయండి" అంటే అన్ని కాగితాల మీదా ఒకే మొహం వస్తుంది. రెండు కొమ్ములు, రెండు కోరలు, ఎర్ర కళ్ళు, నోటి పక్కన రక్తం బొట్టు. ఎంతో శ్రద్ధగా గీస్తారు పాపం. కానీ ఆ బొమ్మ చూస్తే భయమూ వేయదు, నవ్వూ రాదు.

ఆ రెండూ ఒకేసారి ఎలా వస్తాయో నాకు నేర్పింది ఒక కార్టూన్. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, వేసవి సెలవులకు తెనాలిలో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్తే, మా మావయ్య కొడుకూ నేనూ కార్టూన్ నెట్‌వర్క్‌లో 'కరేజ్ ద కవర్డ్లీ డాగ్' చూసేవాళ్ళం. ఇద్దరికీ ఒకటే దుప్పటి. ఎవరికి ఎక్కువ భయం వేస్తే వాళ్ళు దాన్ని తమ వైపు లాక్కునేవాళ్ళు. ఇప్పుడు అదే నా క్లాసులో పాఠం. ఇంట్లో మీ పిల్లలతో కూర్చుని చేయడానికి వీలుగా ఆ పద్ధతంతా ఇక్కడ రాస్తున్నాను.

చూడనివాళ్ళ కోసం ముందుగా రెండు ముక్కలు. దీన్ని సృష్టించింది జాన్ ఆర్. డిల్‌వర్త్. 1996లో ఒక చిన్న సినిమాగా మొదలైంది. అంతరిక్షం నుంచి దిగిన ఓ కోడి, దాన్ని చూసి హడలిపోయే ఓ కుక్క. దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆ తర్వాత 1999 నవంబరు నుంచి 2002 నవంబరు వరకు నాలుగు సీజన్లు, 52 ఎపిసోడ్లు వచ్చాయి. కథ జరిగేది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, 'నోవేర్' అనే చోట. పేరుకు తగ్గట్టే చుట్టూ ఏమీ ఉండదు. మైదానం మధ్యలో ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇంట్లో మ్యూరియల్ అనే మంచి ముసలావిడ, ఆమె భర్త యూస్టస్ అనే చిరచిరలాడే రైతు, వాళ్ళతో గులాబీ రంగు కుక్క కరేజ్. పేరులో ధైర్యం ఉంది గానీ ఆకు కదిలినా వణుకుతుంది. రోజుకో భూతం గుమ్మంలోకి వస్తుంది. మ్యూరియల్ లోపలికి రమ్మంటుంది. ప్రమాదం కనిపించేది కుక్క ఒక్కదానికే.

ఇక పద్ధతి. మొదటి పావుగంట పెన్సిల్ ముట్టుకోనివ్వకండి. ఒక్కటే అడగండి: "మీ రాక్షసుడికి ఏం కావాలి?"

"అందర్నీ చంపాలి" అంటారు. ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి జవాబు అదే. "చంపాక ఏం చేస్తాడు?" అని అడగండి. తెల్లమొహం వేస్తారు. అప్పుడు నేను కింగ్ రామ్సెస్ ఎపిసోడ్ కథ చెప్తాను. ఈజిప్టు రాజు సమాధిలోంచి ఎవరో దొంగిలించిన రాతి పలక తిరిగి తిరిగి యూస్టస్ చేతికి చిక్కుతుంది. రాత్రిపూట ఆ మైదానంలో సన్నగా, పొడుగ్గా, గాలికి ఊగుతున్నట్టు రాజు వచ్చి నిలబడి, తన పలక తనకు ఇచ్చేయమంటాడు. అంతే, వాడికి ఇంకేమీ అక్కర్లేదు. డబ్బుకు ఆశపడి యూస్టస్ ఇవ్వనంటాడు. అప్పుడు మూడు శాపాలు వస్తాయి. మొదటిది వరద. మూడోది మిడతల దండు. మధ్యలో రెండోది ఏమిటో చెప్పే ముందు నేను కాసేపు ఆగుతాను. రెండో శాపం ఒక పాట! రాజుగారి మీద రాసిన పాటే, రికార్డు ప్లేయర్‌లో ఆగకుండా మోగుతూ ఉంటుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఒక నిమిషం క్రితం రాజుని తలుచుకుని భయపడ్డవాళ్ళే. వరదకీ మిడతలకీ మధ్య ఆ పాట పెట్టారు చూడండి, ఈ సీరీస్ పనితనమంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

కోరిక తేలాక రెండో ప్రశ్న: "వాడి ప్రాణం ఏ చిలకలో ఉంది?"

ఇది మన బాలనాగమ్మ కథలోంచి తీసుకున్నది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుందని మా అమ్మమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతూ చెప్పేది. కథంతా ఆ చిలక కోసమే నడుస్తుంది. కరేజ్‌లోని విలన్లకూ ఎక్కడో ఒక చిలక ఉంది. డాక్టర్ జాలొస్ట్ అనే శాస్త్రవేత్త ఉంటాడు. తన దుఃఖాన్ని గుండ్లుగా చేసి ఫిరంగితో ఊరి మీద పేలుస్తాడు, తగిలినవాళ్ళంతా ఏడుస్తూ కూలబడతారు. వాడి చిలక మ్యూరియల్ వండే రేగుపళ్ళలాంటి ప్లమ్ పళ్ళ వంటకం. అది తిన్నాక వాడి దిగులు పోతుంది. పైగా ఈ కథలో చిలకని పట్టుకుంటే రాక్షసుడు చావడు, కోలుకుంటాడు. పిల్లలకు ఇది బాగా ఎక్కుతుంది. చిలక ఏదో కాగితం వెనకాల రాయించండి. ముందువైపు రాస్తే పక్కవాడు చూసేస్తాడని మా క్లాసులో పెద్ద గొడవ.

మూడోది మర్యాద. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, అందుకే దీనికి ఎక్కువ టైమ్ ఇస్తాను.

అరిచే రాక్షసుడికి పిల్లలు త్వరగా అలవాటుపడిపోతారు. నిదానంగా, నమ్రతగా మాట్లాడేవాడు అలా కాదు. కాట్జ్ అనే ఎర్ర పిల్లిని చూడండి. గొంతు పెంచడు, పరుగెత్తడు, చొక్కా నలిగినవాడిలా ఎప్పుడూ కనిపించడు. మొదటి ఎపిసోడ్‌లో వాడిది ఒక మోటెల్. కుక్కలకు ప్రవేశం లేదంటాడు. గదులు శుభ్రంగానే ఉంటాయి. వచ్చిన అతిథుల్ని మాత్రం తాను పెంచుకునే పెద్ద పెద్ద సాలీళ్ళకు మేతగా వేస్తాడు. తర్వాతి ఎపిసోడ్లలో ఒకసారి మిఠాయి దుకాణం పెడతాడు, ఒకసారి ఓడ నడుపుతాడు. ఎప్పుడు వచ్చినా ఒక బోర్డు, ఒక వ్యాపారం, ఒక చిరునవ్వు. గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషిలా ఉంటాడు కాబట్టే వాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ వెన్నులో జలదరిస్తుంది.

ఫ్రెడ్ సంగతి ఇంకా గొప్పది. మ్యూరియల్‌కు మేనల్లుడు, మంగలి పని చేస్తాడు. మొహమంతా పళ్ళు కనిపించే నవ్వు, ఎపిసోడ్ మొత్తం ఆ నవ్వు కదలదు. కథంతా వాడే చెప్తాడు, అదీ ప్రాసతో, తీయగా, పద్యం చదివినట్టు. కుక్కతో పాటు బాత్‌రూమ్‌లో ఇరుక్కుంటాడు. ఏం చేస్తాడో అని మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. చేసేదల్లా కుక్క బొచ్చు గొరగడమే. రక్తం బొట్టు కూడా కారదు. అయినా ఈ సీరీస్ చూసినవాళ్ళని అడిగితే చాలామంది ముందు చెప్పేది వాడి పేరే.

కాబట్టి పిల్లల చేత రాక్షసుడికి ఒక మర్యాద మాట రాయించండి. గుమ్మంలో నిలబడి వాడు మొట్టమొదట అనే మాట. "లోపలికి రావచ్చా అండీ?", "భోజనాలయ్యాయా?", "చెప్పులు ఇక్కడ విడవమంటారా?" ఇలాంటివి. మా క్లాసులో ఒక అబ్బాయి తన భూతం చేత "మీ అబ్బాయికి ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగించాడు. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత పకపకా నవ్వులు.

ఇప్పుడు పెన్సిల్ ఇవ్వండి. 4బి ఉంటే మంచిది, లేకపోతే ఇంట్లో ఉన్నదే చాలు. వింత ఒక్కటే ఉండాలన్నది నియమం. ఫ్రెడ్‌కు నవ్వు ఒక్కటే వింత, మిగతాదంతా మామూలు మనిషి. రామ్సెస్‌ది మరో పద్ధతి. కుక్కా ఇల్లూ చేత్తో గీసినట్టుంటే, రాజుని మాత్రం కంప్యూటర్‌తో చేశారు. అందుకే వాడు ఆ లోకానికి చెందినవాడు కాదని చూడగానే తెలిసిపోతుంది. ఇంట్లో దీన్ని చేయడం చాలా సులువు. పిల్లలు అంతా పెన్సిల్‌తో గీశాక, రాక్షసుణ్ణి ఒక్కణ్ణే పాత న్యూస్‌పేపర్‌లోంచి కత్తిరించి అంటించమనండి. మైదా ఉడికించిన జిగురైనా సరిపోతుంది. ఆ కాగితం ముక్క పేజీలో నిలబడ్డ తీరు చూసి పిల్లలే వెనక్కి జరుగుతారు.

రాక్షసుడి చుట్టూ చోటు వదలమని చెప్పండి. పిల్లలకు ఖాళీ కాగితం అంటే టెన్షన్, చెట్లూ సూర్యుడూ పక్షులూ పెట్టి నింపేస్తారు. నోవేర్‌లో ఇల్లు తప్ప ఇంకేమీ కనపడకపోవడం వల్లే అరిచినా వినేవాళ్ళు లేరనిపిస్తుంది. కాగితంలో ముప్పావు వంతు ఖాళీగా ఉండనివ్వండి.

రాక్షసుణ్ణి చూసి భయపడేవాళ్ళు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. వాళ్ళని ఎంత సాగదీసి గీస్తే అంత మంచిది. కరేజ్ అరిస్తే కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి, పళ్ళు ఊడి పడతాయి. మ్యూరియల్‌కి ప్రమాదం సంగతి చెప్పబోయి తన ఒంటినే రకరకాల ఆకారాల్లోకి మార్చి చూపిస్తుంది. విలన్ కదలకుండా, కుక్క నానా తంటాలూ పడుతుంటే నవ్వొస్తుంది.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అన్ని ఎపిసోడ్లూ అందరికీ పనికిరావు. ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకు నేను గూనివాడి కథతో మొదలుపెడతాను. వానలో తల దాచుకోవడానికి వచ్చిన కురూపిని యూస్టస్ వెక్కిరిస్తాడు, మ్యూరియల్ ఆదరిస్తుంది, కుక్కకు వాడు స్నేహితుడవుతాడు. తర్వాత బిగ్‌ఫుట్ కథ. ఊరంతా వేటాడే ఆ పెద్ద జంతువు కోసం చివరికి దాని తల్లి వస్తుంది. ఫ్రెడ్‌నీ రామ్సెస్‌నీ పదేళ్ళు దాటాక, పగటిపూట చూపించండి. కరేజ్ చిన్నప్పుడు తన తల్లిదండ్రులకు ఎలా దూరమైందో చెప్పే ఎపిసోడ్ ఒకటుంది. అందులో విలన్ ఒక పశువుల డాక్టర్. దాన్ని ముందు మీరు ఒక్కరే చూసి, మీ బిడ్డ తట్టుకోగలడనిపిస్తేనే చూపించండి. నేను మాత్రం క్లాసులో చూపించను.

ఇంకో మాట. యూస్టస్ పెద్ద ఆకుపచ్చ మాస్కు తగిలించుకుని కుక్క వెనకాలే వచ్చి అరుస్తుంటాడు. అంతరిక్షం నుంచి వచ్చే భూతాలు ఎప్పుడో ఒకసారి వస్తాయి, ఈ మాస్కు మాత్రం రోజూ ఇంట్లోనే. అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తానని మనం అనే మాట నాకు ఆ మాస్కులాగే వినిపిస్తుంది. పిల్లలతో రాక్షసుడి బొమ్మ వేయించిన రోజు రాత్రి దయచేసి ఆ మాట అనకండి. వాళ్ళు గీసిన బొమ్మ పేరు చెప్పి అసలే బెదిరించకండి.

పోయిన వానాకాలం ముందు మూడో తరగతి పాప ఒకతె కొత్తగా చేరింది. రాత్రిళ్ళు డాబా మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు చప్పుడు చేస్తుందట, దానికి భయపడి నిద్రపోవడం లేదని వాళ్ళమ్మ చెప్పింది. మొదటి రోజు ఆ పాప ట్యాంకు గీసి, దానికి వరసగా పద్దెనిమిది కోరలు పెట్టింది. నేను లెక్కపెట్టాను. కాగితం పక్కన పెట్టించి, "దానికేం కావాలమ్మా?" అన్నాను. చాలాసేపు ఆలోచించింది. పెన్సిల్ చివర కొరికింది. "దానికి దాహం టీచర్" అంది. "నీళ్ళ ట్యాంకుకి దాహమేంటి?" అని పక్క పిల్లాడు నవ్వాడు. "దాని నీళ్ళన్నీ మనమే తాగేస్తాం కదా" అంది ఆ పాప. ఆ మాటకి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

అక్కడి నుంచి తనే అల్లుకుపోయింది. అర్ధరాత్రి ఆ ట్యాంకు మెట్లు దిగి వచ్చి ఒక్కో ఇంటి కాలింగ్ బెల్ కొడుతుంది. "కాసిని మంచినీళ్ళు ఇస్తారా అండీ?" అని అడుగుతుంది. ఇచ్చిన చెంబు తాగి, బిందె తాగి, బకెట్ తాగి, తర్వాత ఆ ఇంటివాళ్ళ వైపు చూస్తుంది. కోరలన్నీ తనే చెరిపేసింది. ఒక్క మూత మాత్రం, నోరు తెరిచినట్టు కొంచెం పైకి లేచి ఉంది. కాగితం వెనక చిలక ఏమిటో రాసింది: "మూత తీసేస్తే వాన పడుతుంది."

చెరిపిన చోట కాగితం కొంచెం చిరిగింది. బొమ్మ పాడైపోయిందని ఏడుపు మొహం పెట్టింది. ఈ సీరీస్ చివరి ఎపిసోడ్‌లో కూడా ఇలాంటిదే ఉంది. అన్నీ తప్పు లేకుండా చేయాలని కరేజ్‌ని వేధించే ఒక టీచర్ వస్తుంది. స్నానాల తొట్టెలోంచి ఒక చేప తల పైకెత్తి, లోపం లేనిదంటూ ఏదీ ఉండదని కుక్కకు చెప్తుంది. పాపకి ఆ చేప సంగతి చెప్పాను. ఆ చిరుగుని అలాగే ఉంచి, చుట్టూ నల్ల స్కెచ్ పెన్‌తో దిద్ది, ట్యాంకుకు పడిన పగులుగా మార్చింది. అందులోంచి ఒక నీటి బొట్టు జారుతున్నట్టు గీసి, నీలం రంగు ఆ బొట్టు ఒక్కదానికే వేసింది.

మీ ఇంట్లో కూడా రంగు ఆఖర్న వేయించండి, అదీ ఒక్కచోటే. ఎక్కడ వేయాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.