కొండ నడకకు బూట్లు ఎలా ఎంచుకోవాలి? పర్లాకిమిడి నుంచి కొరాపుట్ దాకా పనికొచ్చే పద్ధతి

ఒడిశాలోని గజపతి జిల్లాలో మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. కొరాపుట్ జిల్లాలో దేవమాలి 1672 మీటర్లు. హిమాలయాల పక్కన పెడితే ఇవి చిన్న కొండలే, కానీ పాదాలను బాగానే పరీక్షిస్తాయి. ఒక్క పూట నడకలోనే మొరం దారి, ఎర్ర బంకమట్టి, పాచి పట్టిన రాయి, మోకాలి లోతు గెడ్డ (వాగు), మంచుకు తడిసిన గడ్డి అన్నీ తగులుతాయి. మంచు కొండల కోసం తయారైన బరువు బూటు ఇక్కడ గెడ్డ దాటగానే నీళ్ల తొట్టె అవుతుంది. ఊళ్లో వేసుకునే స్పోర్ట్స్ షూ దిగుడులో జారుతుంది. మన కొండల్లో నీళ్లు బూటులోకి రాక మానవు. వచ్చిన నీళ్లు ఎంత త్వరగా బయటికి పోతాయన్నదే మొదట చూసుకోవాలి.

1. దారినీ నెలనూ ముందు తేల్చుకోండి

మహేంద్రగిరికీ దేవమాలికీ దాదాపు పైదాకా బండ్లు వెళ్లే రోడ్డుంది. రోడ్డు వెంట నడిచి గుళ్లు చూసి వచ్చేవారికి అడుగు అరగని మామూలు నడక షూ చాలు, కొత్తది కొననక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి అడవి దారిన మహేంద్రగిరి ఎక్కేవారి సంగతి వేరు. కొరాపుట్ జిల్లా దుడుమ జలపాతం అడుగుకి దిగాలనుకునేవారిదీ అంతే. బయల్దేరే ముందు ఆ ఊరివాళ్లను మూడు సంగతులు అడగండి: దారిలో గెడ్డలు ఎన్ని, వాటిలో నీరు ఎంత లోతు, దిగుడు మట్టా రాయా. "ఎంత దూరం?" అన్న ప్రశ్న కంటే ఈ మూడింటి జవాబులే బూటును నిర్ణయిస్తాయి.

జూన్ నుంచి అక్టోబరు దాకా గెడ్డలు పొంగుతాయి, జలగలు ఉంటాయి, అక్టోబరులో తుపానుల భయం కూడా ఉంటుంది. నీరు కారిపోయే జాలీ గుడ్డ షూ ఈ నెలలకు సరిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాన లేకపోయినా తెల్లవారుజామున గడ్డి మీద మంచు పడి, అరగంట నడిస్తే ముందువేళ్లు తడిసి చలికి మొద్దుబారతాయి. నీరు చొరని పొర ఉన్న బూటుకు ఇక్కడ అర్థముంది. మార్చి నుంచి మే దాకా ఎండుటాకులు, కాలిన బండలు, ముళ్లు. అప్పుడు గాలి ఆడే పైభాగం, మందమైన అడుగు కావాలి.

అన్ని కాలాలకూ ఒకటే జత కొనాలంటే జాలీ గుడ్డదే కొనండి. చలిమంచును దళసరి ఉన్ని మేజోళ్లతో తట్టుకోవచ్చు. వానలో నీరు నిలిచే బూటుకు మాత్రం ఉపాయం లేదు.

2. పాదాన్ని ఇంట్లోనే కొలవండి

సాయంత్రం కొలవండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, కొండ మీద ఉబ్బేదీ అలాగే. నడకకు వేసుకునే మేజోళ్లతోనే, గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడండి. బరువంతా ఆ కాలి మీదే ఉంచాలి. పెన్సిల్ నిటారుగా పట్టి చుట్టూ గీత గీయమని ఇంకొకరికి చెప్పండి. వంగి మీరే గీస్తే బరువు పక్కకు పోయి కొలత తప్పుతుంది. మడమ నుంచి అన్నిటికంటే పొడుగు వేలి కొస దాకా కొలవండి. కొందరికి బొటనవేలి కంటే రెండో వేలే పొడుగు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి.

బూటు లోపల వేలి ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. దుకాణాల్లో ఇచ్చే 7, 8, 9 నంబర్లలో ఒక్కో నంబరుకు పొడవు దాదాపు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అర నంబరు అంటే 4 మిల్లీమీటర్ల పైచిలుకు. రోజువారీ చెప్పు నంబరుకు అరగానీ ఒకటిగానీ పెంచితే చాలామందికి ఈ ఖాళీ వస్తుంది. అయినా నంబరును నమ్మకండి, ఒక్కో కంపెనీ అచ్చు (బూటును తయారుచేసే పాదం ఆకారపు దిమ్మ) ఒక్కో తీరుగా ఉంటుంది.

వెడల్పు సంగతి చాలామంది మరిచిపోతారు. చిన్నప్పటి నుంచీ వట్టి కాళ్లతోనో చెప్పులతోనో తిరిగినవారి పాదం ముందు భాగం విచ్చుకుని ఉంటుంది. సన్నటి అచ్చు మీద తయారైన బూటులో వారి చిటికెనవేలు నలిగిపోతుంది. అప్పుడు పొడవు పెంచితే లాభం లేదు, మడమ లూజై పొక్కులొస్తాయి. వెడల్పు అచ్చు ఉన్న రకమే వెతకాలి.

దుకాణంలో ఒక సులువైన పరీక్ష ఉంది. బూటు లోపలి అట్టను బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. వేలి ముందు ఆ 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, పాదం పక్కలు అట్ట దాటి బయటికి రాకూడదు.

3. ఏ రకం?

చీలమండ కిందికి ఉండే ట్రెయిల్ షూ (మట్టి, రాళ్ల దారుల కోసం చేసిన షూ) తేలిగ్గా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. వీపు మీద చిన్న సంచీతో ఒక్క రోజు వెళ్లివచ్చే నడకలకు ఇదే మంచిది. కాలికి కట్టిన బరువు వీపు మీది బరువు కంటే చాలా ఎక్కువ అలసట తెస్తుందని గుర్తుంచుకోండి. ప్రతి అడుక్కీ దాన్ని ఎత్తి ముందుకు వేయాలి కదా.

చీలమండ దాకా ఉండే బూటు గులకరాళ్లనూ ముళ్లనూ ఆపుతుంది. బరువు సంచీతో రెండు మూడు రోజులు రాళ్ల దారిలో నడిచేవారికి మేలు. కానీ ఎత్తుగా ఉన్నంత మాత్రాన కాలు మడత పడదన్న హామీ లేదు. అడుగు వెడల్పు, మడమ పట్టు సరిగా లేకపోతే ఎత్తు బూటులోనూ కాలు బెణుకుతుంది.

నీరు చొరని పొర బూట్ల గురించి అమ్మేవాళ్లు చెప్పని మాట ఒకటుంది. ఆ పొర బయటి నీటిని ఆపినట్టే లోపలి నీటినీ ఆపుతుంది. గెడ్డలో నీరు చీలమండ పైకి వస్తే పైనుంచి లోపలికి దిగుతుంది, ఇక బయటికి దారి ఉండదు. రాత్రంతా పెట్టినా ఆరదు. జూలైలో ఆ బూటు పనికిరాదు.

రబ్బరు అడుగున్న కాన్వాస్ జంగిల్ బూట్లు చవక, చీలమండ పైదాకా వస్తాయి, పర్వాలేదన్నంత త్వరగా ఆరతాయి. వాటి లోపం పలుచని మెత్త. లోపల మంచి అట్ట ఒకటి విడిగా కొని వేసుకుంటే వానాకాలపు నడకకు నమ్మదగ్గ జతే.

గమ్‌బూట్లు పొలానికి బాగుంటాయి. కొండకు వద్దు: మడమను పట్టుకోవు, లోపల చెమట నిలుస్తుంది, నీరు దిగితే ఒక్కో కాలికి బకెట్ కట్టినట్టే.

దామన్‌జొడి, రాయగడ లాంటి కార్ఖానా ఊళ్లలో సేఫ్టీ షూ సులువుగా దొరుకుతాయి, గట్టిగా కూడా ఉంటాయి. అందుకే చాలామంది వాటితోనే కొండెక్కుతారు. ముందున్న ఇనుప టోపీ వంగదు, దిగుడులో వేళ్లు దానికే కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. చదునైన గచ్చు కోసం తయారైన అడుగు మట్టి వాలులో పట్టదు.

ఇక, సవర గిరిజనుల ఊళ్లవాళ్లు రబ్బరు చెప్పులతో ఇదే వాలు చకచకా దిగడం చూసి మనమూ అలా దిగగలమనుకోకూడదు. ఆ పాదాలు చిన్నప్పటి నుంచీ ఆ దారికి అలవాటుపడ్డవి. వెనక పట్టీ లేని చెప్పుతో దిగే పట్నంవాళ్ల కాలు మొదటి బురదలోనే పక్కకు పోతుంది.

4. అడుగు చూడండి, వంచి చూడండి

బూటులో ఎక్కువసేపు పరీక్షించాల్సింది అడుగునే. మట్టి దారికి అడుగున పొడుచుకొచ్చే రబ్బరు దంతాలు 4 నుంచి 5 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. వాటి మధ్య ఎడం కూడా అంతే ముఖ్యం. ఎడం తక్కువైతే బంకమట్టి ఇరుక్కుని పది అంగల్లో అడుగంతా నున్నటి పలక అయిపోతుంది. మడమ దగ్గర దంతాలు ముందు వాటికి ఎదురుగా తిరిగి, అంచు నిటారుగా ఉండాలి, దిగుడులో బ్రేకు అదే. గోటితో నొక్కితే రబ్బరు కొంచెం లొంగాలి. గాజులా గట్టిగా ఉంటే తడి రాయి మీద జారుతుంది. ఎంత మంచి రబ్బరైనా పాచి పట్టిన బండ మీద మాత్రం పట్టదు. అక్కడ బూటును కాక, పక్కనున్న గరుకు రాయిని చూసి అడుగు వేయాలి.

తర్వాత రెండు చేతులతో వంచండి. వేళ్ల మొదట్లో, అంటే పాదం సహజంగా వంగే చోట వంగాలి. నడిమిలో రెండుగా మడిస్తే లోపల బలం లేదని అర్థం, రాళ్ల మీద అరికాలు నొప్పెడుతుంది. తడి గుడ్డ పిండినట్టు మెలితిప్పండి: కొంచెం తిరగాలి, తాడులా తిరిగిపోకూడదు. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే లోపలికి కుంగకూడదు. లేసు కింద ఉండే నాలుక రెండు పక్కలా బూటుకు కుట్టి ఉంటే గులకలూ జలగలూ అటునుంచి దూరవు.

డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, తప్పక చదవండి. అడుగుకూ పైభాగానికీ మధ్య ఉండే మెత్త కొన్ని బూట్లలో పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. గాలిలోని తేమకు అది లోలోపలే విరిగిపోతుంది, వాడకపోయినా సరే. బరంపురం లాంటి తీరపు ఊళ్ల తేమలో బీరువాలో నాలుగైదేళ్లు దాచిన బూటు కొత్తదానిలాగే మెరుస్తుంది, కొండ సగంలో అడుగు రొట్టెముక్కలా రాలిపోతుంది. తగ్గింపు ధరకు పాత సరుకు కొనేటప్పుడు ఈ మోసం ఎక్కువ. మెత్త మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే వదిలేయండి.

5. దుకాణంలో పదిహేను నిమిషాలు

మీ మేజోళ్లు మీరే తీసుకెళ్లండి. లేసు కట్టకముందు పాదాన్ని ముందుకు తోయండి: మడమ వెనక ఒక వేలు దూరాలి, రెండు దూరితే పెద్దది. మడమ వెనక్కి ఆనించి లేసు కట్టి మెట్లు ఎక్కండి, దిగండి. ఎక్కేటప్పుడు మడమ కొంచెం లేచినా ఫర్వాలేదు, అరసెంటీమీటరు దాటితే పొక్కులు తప్పవు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకోకూడదు. నేలకేసి బూటు ముందుకొసతో మూడుసార్లు గట్టిగా తన్నండి. మూడోసారికి వేలు తగిలితే ఆ జత వద్దు. చాలామంది చదును గచ్చు మీద నాలుగడుగులు వేసి కొనేస్తారు. మహేంద్రగిరి నుంచి దిగాక నల్లబడిన బొటనవేలి గోరుకు అదే కారణం.

"వాడగా వాడగా సాగుతుంది" అన్న మాట తోలు వెడల్పు విషయంలో కొంతవరకే నిజం. పొడవు ఎప్పుడూ సాగదు.

6. మేజోళ్లు, లేసు

నూలు మేజోళ్లు చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి. తడి చర్మం మెత్తబడి, రాపిడికి పొక్కుతుంది. ఉన్ని కలిసినవో సింథటిక్‌వో వాడండి. ఒక పొడి జత పాలిథీన్ సంచీలో విడిగా ఉండాలి. ప్యాంటు కొసలు మేజోళ్లలోకి దోపితే జలగలు నేరుగా చర్మం మీదికి రావు. మేజోళ్లకు ఉప్పు రాస్తారు గానీ వానకు కడుక్కుపోతుంది, మళ్లీ రాయాలి.

ఎక్కేటప్పుడు పైరెండు కన్నాల దగ్గర లేసు కొంచెం వదులు, దిగేటప్పుడు బిగువు. దిగే ముందు ఆగి మళ్లీ కట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. మడమ జారుతుంటే చివరి రెండు కన్నాల మధ్య రెండు వైపులా చిన్న ఉచ్చులు చేసి, లేసు కొసలను ఎదుటి ఉచ్చుల్లోంచి తీసి లాగి కట్టండి. శివరాత్రికి మహేంద్రగిరి వెళ్లేవారు గుళ్ల దగ్గర జోళ్లు విప్పాలి. వట్టి కాళ్లతో లోపలికి వెళ్లొచ్చాక పాదాలకు అంటిన మట్టీ ఇసుకా తుడిచి మరీ మేజోళ్లు వేసుకోండి. ఒక్క ఇసుక రేణువు చాలు పొక్కు లేవడానికి. మంటగా అనిపించిన క్షణమే ఆగి, తుడిచి, ముడత లేకుండా మైక్రోపోర్ టేపు (చర్మానికి అంటించే కాగితపు టేపు) వేయాలి. పొక్కు లేచాక టేపు వేస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

7. అలవాటు చేయడం, ఆరబెట్టడం

మొదటి నాలుగు రోజులు ఇంట్లో గచ్చు మీదే గంటసేపు వేసుకోండి, అడుగు మాయకపోతే మార్చుకునే వీలుంటుంది. తర్వాత సంతకూ పొలం గట్లకూ. చివరగా సంచీ బరువుతో అయిదారు కిలోమీటర్లు. జాలీ షూకు వారం చాలు, తోలుకు రెండు మూడు వారాలు కావాలి.

తడిసిన బూటును పొయ్యి పక్కనో మే నెల ఎండలోనో పెట్టకండి. తోలు బిగుసుకుపోతుంది, జిగురు కరిగి అడుగు విడుతుంది. అట్ట తీసి, లోపల పాత పేపరు ఉండలు కూరి, నీడలో గాలికి పెట్టండి. పేపరు తడిసినప్పుడల్లా మార్చాలి. మట్టిని ఆరనివ్వకుండా అదే రోజు కడగండి, ఎర్రమట్టి ఎండితే కుట్లలో గట్టిపడి దారాన్ని కొరుకుతుంది.

అడుగు అంచు విడుతుంటే చెప్పులు కుట్టేవారి చేత చుట్టూ సైడు కుట్టు వేయించవచ్చు. నీరు చొరని పొర ఉన్న జతకు మాత్రం వేయించకండి, సూది కన్నాల్లోంచి నీరు దిగుతుంది. సంచీలో రెండు మీటర్ల నైలాన్ తాడు ఎప్పుడూ ఉంచుకోండి. దారి మధ్యలో అడుగు ఊడితే, పాదం వంపు కిందుగా తాడు రెండు చుట్లు తిప్పి పైన లేసుతో కలిపి కట్టండి. దంతాల మీదుగా చుడితే రాళ్లకు అరగంటలో తెగుతుంది. మడమ దంతాలు ఒక పక్కకు అరిగి, లోతు రెండు మిల్లీమీటర్లకు దిగిన జతను కొండకు తీసుకెళ్లకండి. ఊరి రోడ్ల మీద అది ఇంకో ఏడాది నడుస్తుంది.