పాత రివాల్వర్‌లో అరుగుదలను గుర్తించడం, సరిచేయడం

స్మిత్ అండ్ వెసన్ సంస్థ 1899లో మొదలుపెట్టి, ఆ తరువాత మోడల్ 10 అని పేరు పెట్టిన రివాల్వర్ అమెరికా పోలీసుల వద్ద దశాబ్దాల పాటు ఉన్నది. నేటికీ పాతవి చేతులు మారుతూనే ఉన్నాయి. కింది కొలతలు ఆ తరహా రివాల్వర్లకు వర్తిస్తాయి. భారతదేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతు వృత్తికి లైసెన్సు తప్పనిసరి కనుక, ఇక్కడి యజమానులు పరీక్షతో ఆగి, మిగిలిన పనిని లైసెన్సు ఉన్నవారికే అప్పగించాలి.

ముందుగా సిలిండర్ తెరిచి, ప్రతి అరలోనూ తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. తరువాత శుభ్రం చేయాలి. అరుగుదల అని భయపడిన లోపాల్లో చాలావరకు ఎజెక్టర్ నక్షత్రం (కాల్చిన తూటాల తొడుగులను బయటకు నెట్టే నక్షత్రాకారపు భాగం) కింద చేరిన మసి వల్లనో, దాన్ని నెట్టే ఎజెక్టర్ కడ్డీ మర వదులు కావడం వల్లనో వచ్చినవే. 1960ల నుంచి వచ్చిన నమూనాల్లో ఆ మర ఎడమ చేతి వాటమైనది కనుక తెలియక తిప్పితే బిగించబోయి విప్పుతాము.

ఇక కొలత. సిలిండర్‌ను మూసి, వెనక్కి నొక్కి పట్టి, బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య ఫీలర్ గేజ్ (సన్నని సందును కొలిచే పలుచని రేకు) దూర్చి చూడాలి. మళ్లీ ముందుకు నొక్కి చూడాలి. ఈ రెండు కొలతల తేడాయే సిలిండర్ ముందువెనుకల ఆట (వదులుగా కదిలే దూరం), అది 0.05 మిల్లీమీటర్లలోపు ఉంటే మేలు. ఎక్కువైతే సిలిండర్ లోపల యోక్ (సిలిండర్‌ను మోస్తూ పక్కకు తెరుచుకునే భాగం) గొట్టం చివర పలుచని ఉక్కు వాషర్ వేస్తారు. అయితే వాషర్ వేశాక సిలిండర్ వెనక్కి జరిగి నిలుస్తుంది కాబట్టి, వెనక్కి నొక్కినప్పుడు కనిపించిన పెద్ద సందే ఇకపై శాశ్వతమవుతుంది. అది 0.25 మిల్లీమీటర్లు దాటితే వాషర్‌తో పని తీరదు, బ్యారెల్‌ను తిరిగి అమర్చవలసి వస్తుంది.

ఆట సరిచేశాకే టైమింగ్, అంటే హ్యామర్ లాగేటప్పుడు సిలిండర్ సకాలంలో సరైన చోట నిలుస్తోందా అన్నది, చూడాలి. ముందే చూస్తే, సిలిండర్‌ను తిప్పే హ్యాండ్ అనే భాగం ఎక్కడ తగులుతుందో నమ్మకంగా తెలియదు. అరల్లో డమ్మీ తూటాలు పెట్టాలి. ఖాళీగా ఉంటే ఎజెక్టర్ నక్షత్రం కాస్త కదిలి, లేని లోపాన్ని చూపించవచ్చు. సిలిండర్‌పై వేలు తేలికగా ఆనించి హ్యామర్‌ను చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ నిలిచేలోపే సిలిండర్ స్టాప్ (సిలిండర్‌ను కదలకుండా ఆపే భాగం) గాడిలో టక్కున పడాలి. ఏ అర దగ్గర ఆలస్యమైందో గుర్తు పెట్టుకోవాలి. ఒకే అర దగ్గరైతే రాచెట్ పన్ను (సిలిండర్ తిరగడానికి హ్యాండ్ నెట్టే పన్ను), అన్నింటి దగ్గరైతే హ్యాండ్ అరిగి ఉండవచ్చు. హ్యాండ్ అరిగితే కాస్త వెడల్పైనది తెచ్చి అమరుస్తారు. పన్నును ఆకురాయితో తాకడం మాత్రం వద్దు, పోయిన లోహాన్ని ఎవరూ తిరిగి పెట్టలేరు.

చివరగా, హ్యామర్‌ను లాగి నిలిపి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో ముందుకు నెట్టండి. అది పడిపోతే ఆ రివాల్వర్‌ను తూటాతో నింపకుండా పక్కన పెట్టి, అనుభవజ్ఞుడైన తుపాకీ మిస్త్రీకి చూపించండి.