దుప్పటి నుంచి పెరటి దాకా: చలికాలంలో పెద్దవాళ్ళ గుండె జాగ్రత్త

సాలూరు దగ్గర ఘాట్ ఎక్కి సుంకి దాటామంటే చలి తీరే మారిపోతుంది. ఒడిశా కొరాపుట్ జిల్లాలోని పొట్టంగి, సెమిలిగుడ వైపు మన తెలుగు ఇళ్ళలో మార్గశిరం వచ్చిందంటే స్వెట్టర్ లేకుండా ముసలాళ్ళను సంతకు పోనివ్వరు. మంచిదే. నా భయం మాత్రం ఇంట్లో చలి గురించి. సంతకు మఫ్లర్ చుట్టుకుని పోయే మనిషే తెల్లవారుజామున నాలుగింటికి లుంగీ, బనీనుతో పెరట్లోకి నడుస్తాడు.

చలి తగిలితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. బీపీ పెరుగుతుంది, గుండెకి చాకిరీ ఎక్కువవుతుంది, నెత్తురు కాస్త చిక్కబడుతుంది. గుండెపోట్లు ఏ కాలంలోనైనా పొద్దుటి పూటే ఎక్కువ. చలీ, పొద్దుటి వేళా కలిసే సమయానికే మనవాళ్ళు పక్క దిగుతారు.

అందుకని రాత్రి నుంచే మొదలుపెట్టండి. చలికి ఒంటికి ఎక్కువసార్లు పోవాల్సి వస్తుంది. మరుగుదొడ్డి పెరటి చివర ఉంటే మంచం పక్కనే మూత ఉన్న బకెట్ పెట్టండి. మా నాన్న నామోషీ అని వారం రోజులు అలిగాడు, తర్వాత ఆయనే అడిగి పెట్టించుకున్నాడు. రాత్రి లేవాల్సి వస్తుందని పగలు నీళ్ళు తాగడం మానకూడదు. మెలకువ రాగానే దిగ్గున లేవకుండా మంచం మీదే రెండు నిమిషాలు కూర్చోవాలి. టోపీ, సాక్సు, చెప్పులు చేతికందేలా ఉండాలి.

చలి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. పుష్యమాసం రాత్రి మన రేకుల ఇంట్లో అది అయ్యే పని కాదు. గదిని కాయలేకపోతే మనిషిని కాయాలి. అరుగు మీద, వసారాలో పడక ఈ మూడు నెలలూ వద్దు, లోపలి గదిలోకి మార్చండి. నులక మంచానికి కింది నుంచి చలి కొడుతుంది. పైన రెండు రగ్గులు కప్పడం కన్నా కింద గోనెసంచులు పరిచి, వాటి మీద మందపాటి బొంత వెయ్యడం మేలు. గాలి వచ్చే వైపు గోడకీ కప్పుకీ మధ్య సందుల్లో గుడ్డలు కుక్కండి. వంటగది సందు మాత్రం ముయ్యొద్దు, పొగ పోవాలి.

కుంపటి విషయంలో నేను గట్టిగానే చెబుతాను. తలుపులు బిడాయించి, నిప్పులు పక్కన పెట్టుకుని పడుకోకండి. ఆ నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నెత్తురులో ఆక్సిజన్ చోటుని అది ఆక్రమిస్తుంది. గుండె జబ్బున్నవాళ్ళకి కొంచెం పీల్చినా ముప్పే. చేతులు కాచుకున్నాక, పడుకునే ముందు కుంపటి బయట పెట్టెయ్యండి.

ఇక మార్గశిర లక్ష్మివారాలు, అంటే గురువారాలు. ఒడియా ఇళ్ళలో మాణబసా, మన ఇళ్ళలో లక్ష్మీపూజ. తెల్లారకముందే తలారా స్నానం, తడి చీరతో ముగ్గులు. అరవై దాటిన అమ్మలకి, బీపీ, షుగర్ ఉన్న ఏ అత్తకైనా ఇది ప్రమాదం. కాగులో నీళ్ళు గోరువెచ్చగా కాచి, ముందు కాళ్ళ మీద, తర్వాత ఒంటి మీద పోసుకుని, వెంటనే తుడుచుకుని పొడిబట్ట కట్టుకోవాలి. ఇంకా మంచిది, ఎండ వచ్చాక చెయ్యడం. ముగ్గు కోడలు పెట్టినా లక్ష్మీదేవి వస్తుంది. కట్టెలు కొట్టడం, నీళ్ళు తోడటం కూడా ఎండ పడ్డాకే.

బీపీ ఎండాకాలంలో కన్నా చలికాలంలో ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి కార్తీకంలోనే ఒకసారి చూపించుకోండి. మోతాదు మార్చాలా అన్నది డాక్టరు చెబుతాడు, మనం కాదు. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు, ముక్కుదిబ్బడ బిళ్ళలు కొన్ని బీపీని పెంచుతాయి. బీపీ ఉందని షాపువాడికి చెప్పకుండా కొనొద్దు. ఎండుచేప, ఊరగాయ తగ్గించండి. సారా తాగితే వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటున్న ముసలమ్మలకి చెప్పి ఒప్పించడం కష్టం. కనీసం పొద్దున్నే మొదటి చుట్ట మాన్పించండి.

ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, చలిలోనూ చెమటలు, ఆయాసం వస్తే గ్యాస్ అని సోడా తాగించి కూర్చోవద్దు. షుగరున్నవాళ్ళకీ ముసలమ్మలకీ నొప్పే లేకుండా ఒట్టి నీరసం, ఆయాసమే రావచ్చు. వెనక్కి ఆనుకునేలా కూర్చోబెట్టి, నడిపించకుండా 108కి ఫోన్ చెయ్యండి. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి, నెత్తురు గడ్డ కరిగించే మందు ఎంత త్వరగా పడితే అంత గుణం. ఘాట్ దిగి విశాఖ పోదామని కారు కోసం ఎదురుచూసే ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. ముందు ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి చేరాలి. కొరాపుట్‌లో మెడికల్ కాలేజీ ఉంది. విశాఖ సంగతి అక్కడి డాక్టర్లే చెబుతారు.

మందుల చీటీ, పాత ఈసీజీ, ఆధార్ ఒకే సంచిలో తలుపు వెనక మేకుకి తగిలించి ఉంచండి. మా ఇంట్లో అది బియ్యం కొట్టువాడిచ్చిన గుడ్డసంచి. పక్కనే టార్చి వేలాడుతుంటుంది.