వరంగల్ శివార్లలో ప్లాట్ కొంటున్నారా? ముందు వానలో ఒకసారి వెళ్లి రండి

మడికొండకు ఐటీ కంపెనీలు వచ్చాయి, గీసుగొండ వైపు టెక్స్‌టైల్ పార్కు వచ్చింది, మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఓకే అంది, ఇంకేముంది, మన దగ్గర ఇంటికో బ్రోకర్ తయారయ్యాడు. కిరాణా షాపాయన ఫోన్లో ఒక లేఅవుట్, మా ఇంటికి పాలు పోసే ఆయన ఫోన్లో రెండు. తప్పేం లేదు, వాళ్లూ బతకాలి. కానీ వాళ్లు చూపించేది బ్రోచరు, మనం కొనేది నేల. గత మూడేళ్లలో మా తమ్ముడి కోసం, మా బావ కోసం, నా కోసం కలిపి ఓ నలభై ప్లాట్లు చూసి ఉంటాను. కొన్నది ఒకటి, బయానా పోగొట్టుకున్నది ఒకటి. ఈ రెండింటి మధ్య నేర్చుకున్నది రాస్తున్నా.

మొట్టమొదటి మాట, ఎండాకాలంలో చూసి ఎండాకాలంలోనే బయానా ఇవ్వకండి. మార్చి, ఏప్రిల్‌లో నేల గట్టిగా ఉంటుంది, కొత్తగా పోసిన మొరం ఎర్రగా మెరుస్తుంటుంది, ఏ ప్లాట్ చూసినా బాగానే కనిపిస్తుంది. మనది కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు చెరువుల ప్రాంతం. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది కుంటకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు పోవాలి, ఆ పోయే తోవలోనే ఇప్పుడు కాలనీలు లేచాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయంటే ఊరికే రాలేదు. 2023లోనైతే భద్రకాళి చెరువు కట్టకే పోతననగర్ వైపు గండి పడింది. ఊరి మధ్యలోనే అట్లా ఉంటే, నిన్నమొన్నటి దాకా పొలాలున్న శివార్ల సంగతి చెప్పేదేముంది.

నాకు బుద్ధి వచ్చింది ములుగు రోడ్డు వైపు ఒక వెంచర్‌లో. ఫిబ్రవరిలో చూసినప్పుడు చాలా నచ్చింది, తూర్పు ముఖం, ముందు 33 అడుగుల రోడ్డు. ఎందుకో బయానా ఇవ్వబుద్ధి కాక ఆగాను. జూలైలో రెండు రోజులు ముసురు పట్టాక బండేసుకుని ఒక్కడినే వెళ్లాను, బ్రోకర్‌కు చెప్పకుండా. రోడ్డు మీద మడమ లోతు నీళ్లు. మేకలు కాస్తున్న ఒక పెద్దామె నన్ను కాసేపు చూసి, "ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. ప్లాట్ కొందామని అన్నాను. "గీడనా? ఇది కుంట శిఖమాయె గదా. మా ఇంటాయన గీడ్నే చేపలు వట్టేది. అగో, తూము" అని కర్రతో చూపించింది. శిఖం అంటే చెరువు నీళ్లు నిండే నేల, తూము అంటే ఆ నీళ్లు బయటికి వదిలే చోటు. మొరంలో సగం పూడుకుపోయి ఒక పాత రాతి స్తంభం ఉంది. దాని మీద తెల్ల పెయింట్‌తో ప్లాట్ నంబర్ రాసి ఉంది! తూము రాయినే హద్దు రాయి చేసేశారు. నేను ఫిబ్రవరిలో దాన్ని ఆనుకుని నిలబడి ఫొటో కూడా దిగాను.

అందుకే ఊళ్లో పాతవాళ్లను అడగండి. మేకలు కాసేవాళ్లు, ముదిరాజులు, ఒకప్పుడు ఆ భూమి దున్నినవాళ్లు, వీళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. "ఇది వరకు ఇక్కడ ఏం పండేది?" అని ఊరికే మాట కలపండి. చెలక (మెట్ట నేల) అంటే సంతోషం. వరి అంటే నీళ్లు ఎటు నుంచి వచ్చేవని అడగండి. "ఏం పండేది కాదు, నీళ్లుండేవి" అంటే ఇక చాయ్ తాగి వచ్చేయడమే. ఊరి నక్షలో సర్వే నంబర్ పక్కన కుంట, వాగు, కాలువ ఏమున్నాయో చూసి, ఇరిగేషన్ వాళ్ల దగ్గర ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే గీత, కనుక్కోండి. పాతిక ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్, చిన్న కుంటయితే 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు వదలాలి. ఆ గీత లోపల మీ ప్లాట్ సగం ఉన్నా ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ రాదు.

ఇక కాగితాలు. "కుడా ప్రపోజ్డ్ లేఅవుట్" అని బోర్డు మీద పెద్దగా రాస్తారు. కుడా అంటే కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ. ప్రపోజ్డ్ అంటే అప్లికేషన్ పెట్టారని, ఒక్కోసారి అది కూడా పెట్టలేదని అర్థం. గ్రామ పంచాయతీ స్టాంపు వేసిన లేఅవుట్ నక్ష అసలు లెక్కలోకే రాదు, ఎందుకంటే లేఅవుట్ పర్మిషన్ ఇచ్చేది కుడా గానీ, దాని పరిధి దాటితే రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ డీటీసీపీ గానీ. అందులోనూ రెండు మెట్లున్నాయి, ముందు టెంటేటివ్, పనులన్నీ అయ్యాక ఫైనల్. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు వేస్తామన్న హామీకి కొన్ని ప్లాట్లను డెవలపర్ కుడాకు మార్ట్‌గేజ్ చేస్తాడు, ఫైనల్ అప్రూవల్ వచ్చి వాటిని విడిపించుకునేదాకా అవి అమ్మడానికి లేదు.

నా లక్ష రూపాయల బయానా పోయింది సరిగ్గా ఇక్కడే. కార్నర్ ప్లాట్, పక్కవాటికంటే గజానికి ఐదొందలు తక్కువ చెప్పారు. అంత చవకెందుకని నేను అడగలేదు, నా అదృష్టం అనుకున్నాను. తర్వాత అప్రూవ్డ్ లేఅవుట్ కాపీ చేతికొస్తే, మార్ట్‌గేజ్ ప్లాట్ల జాబితాలో నా నంబర్ మూడో లైన్లో ఉంది. "రెండు నెలల్లో రిలీజ్ అయిపోతుంది అన్నా" అన్నారు, పద్నాలుగు నెలలు అదే మాట. బయానా చీటీ తెల్లకాగితం మీద రాసుకున్నాం, గడువు లేదు, తిరిగిచ్చే షరతు లేదు, ఇచ్చింది క్యాష్. ఇక ఎవరిని పట్టుకుంటాం. కాబట్టి బ్రోచర్‌లో ఉన్న నక్ష కాదు, ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్, సంతకాలు ఉన్న అప్రూవ్డ్ కాపీ అడగండి. అది తీసుకుని కుడా ఆఫీసుకు వెళ్లి సరిచూసుకోండి, సగం పూట పని.

పాత ప్లాట్ చేతులు మారుతుంటే ఎల్ఆర్ఎస్ మాట వస్తుంది, అంటే అప్రూవల్ లేని లేఅవుట్‌లోని ప్లాట్‌ను ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే ప్రభుత్వ పథకం. "ఎల్ఆర్ఎస్ ఉంది" అని చూపించేది చాలాసార్లు 2020లో వెయ్యి రూపాయలు కట్టిన రసీదు మాత్రమే. రసీదు వేరు, క్రమబద్ధం చేశామని ఇచ్చే ప్రొసీడింగ్స్ వేరు. ఫీజు మొత్తం కట్టి ప్రొసీడింగ్స్ తీసుకున్నారా లేదా, తీసుకోకపోతే ఆ డబ్బు ఎవరు కడతారు, ఇది బేరంలోనే తేల్చుకోండి. ఓపెన్ స్పేస్ చార్జీలే ప్లాట్ విలువలో 14 శాతం లెక్కన పడతాయి, చిన్న మొత్తం కాదు. పైగా ఎల్ఆర్ఎస్ వచ్చినంత మాత్రాన భూమి ఎవరిదన్న గొడవ తీరదు.

ఆ గొడవ కోసమే ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), లింక్ డాక్యుమెంట్లు (ముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు). ఈసీ ప్లాట్ నంబర్ మీద ఒకటి, సర్వే నంబర్ మీద ఇంకొకటి తీయండి. ఒక్క ప్లాట్ నంబర్ మీదే తీస్తే, లేఅవుట్ కాకముందు ఎకరాల లెక్కన జరిగిన అమ్మకాలు, తాకట్లు కనిపించవు. వీలైతే 1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ దాకా వెనక్కి పోండి. అందులో పట్టాదారు పేరు, ఇప్పుడు అమ్మేవాళ్ల పేరు, ఈ రెండింటి మధ్య ప్రతి మెట్టుకూ కాగితం ఉండాలి. ఎక్కడైనా "లావణి పట్టా" అని కనబడితే ఆగిపోండి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొంటే 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలు చెల్లదు, వెనక్కి తీసుకుంటారు. రెవెన్యూ పోర్టల్ భూ భారతిలో సర్వే నంబర్ కొట్టి నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూసుకోండి. అన్నదమ్ముల భూమి అయితే అక్కచెల్లెళ్ల సంతకాలు ఉన్నాయా అని చూడండి, మన దగ్గర సగం కేసులు ఇవే. "చెల్లెలు ఏమనదు లెండి" అంటారు. రేటు పెరిగాక అంటుంది, అనాలి కూడా, ఆమె వాటా అది.

ఇదంతా మన వల్ల కాదనుకుంటే ఒక చిట్కా ఉంది. చేతిలో డబ్బున్నా బ్యాంకులో ప్లాట్ లోన్‌కు అప్లై చేయండి. బ్యాంకు లాయర్ కాగితాలన్నీ జల్లెడ పడతాడు, ఆ ఫీజు మీ ప్లాట్ ధర ముందు ఏమంత కాదు. "ఈ వెంచర్‌కు లోన్ రాదు సార్, క్యాష్ పార్టీలకే ఇస్తాం" అన్నారంటే అర్థం చేసుకోండి. కొత్త వెంచరైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ అడగండి. 500 చదరపు మీటర్లు దాటితే రెరా తప్పనిసరి, అది లేకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్స్ అడగడానికీ వీల్లేదు. ప్రీలాంచ్ ఆఫర్ అని ఫోన్ వస్తే నేనైతే కట్ చేసేస్తా.

మాస్టర్ ప్లాన్ కూడా చూడండి, మీ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉంది, దాని మీంచి ప్రతిపాదిత రోడ్డు ఏమైనా పోతుందా అని. ఔటర్ రింగ్ రోడ్డు, మంచిర్యాల నుంచి ఖమ్మం పోయే గ్రీన్‌ఫీల్డ్ హైవే, ఈ పేర్లు చెప్పి రేటు పెంచుతారు కానీ ఆ గీత మీ ప్లాట్ మీదుగా పోతే పరిహారం కోసం తిరగాల్సింది మీరే. ఎయిర్‌పోర్టు పక్కనే అని సంబరపడేవాళ్లకు ఒక మాట, రన్‌వే దగ్గర్లో కట్టే ఎత్తుకు పరిమితులుంటాయి.

బేరం కుదిరాక టేపు పట్టుకుని వెళ్లండి. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు, లెక్క చిన్నదే కానీ నేల మీద తప్పుతుంది. మా బావ 200 గజాల ప్లాట్ 30 బై 60 అని కాగితంలో ఉంటే, కొలిస్తే వెనకవైపు 27 అడుగులే వచ్చింది, పక్క ప్లాటాయన ప్రహరీ అప్పటికే లోపలికి జరిగింది. 3 అడుగులే కదా అన్నారు. ముక్క ఏటవాలుగా పోయింది కాబట్టి 90 చదరపు అడుగులు, అంటే 10 గజాలు. గజం పదిహేను వేలకు లెక్కేసుకోండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, ప్రభుత్వ విలువ, మీరు రాసుకున్న విలువ, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. బయానా నుంచి చివరి రూపాయి దాకా బ్యాంకు ద్వారానే ఇవ్వండి, 50 లక్షలు లేదా ఆపైన అయితే ఒక శాతం టీడీఎస్ మీరే పట్టి కట్టాలి. స్లాట్ రోజు సంతకం పెట్టే ముందు నాలుగు హద్దులు మీరే గొంతెత్తి చదవండి, తూర్పును పడమర చేసిన దస్తావేజు మా ఇంట్లోనే ఒకటుంది, దాన్ని సరిచేయించడానికి అమ్మినాయన కోసం కరీంనగర్‌కు నాలుగుసార్లు తిరిగాం.

రిజిస్ట్రేషన్ అయిన వారంలోపే కడీలు (హద్దు స్తంభాలు) పాతించి తీగ చుట్టించండి, ప్రహరీకి డబ్బుల్లేకపోయినా సరే. కార్పొరేషన్ పరిధి అయితే ఖాళీ స్థలం పన్ను మీ పేరు మీదకు మార్పించుకోండి. వానాకాలం అయిపోయాక ఏటా ఒకసారి వెళ్లి, మొలిచిన తుమ్మలు కొట్టించి, కడీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని రండి. మా తమ్ముడి ప్లాట్‌లో పన్నెండు పాతితే, పోయినసారి పదకొండే ఉన్నాయి.